బోర్లగిన్నె విన్నది

నిజం నిప్పులాంటిదని మనవాళ్ళంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీదున్న ఆ పాత మేడలోకి ఒక్కసారి తొంగిచూసి ఉంటే మాట మార్చుకునేవారు. అక్కడ నిజం కాలేది కాదు, మోగేది.

ఆ మేడలో మెదడు మీద పరిశోధన చేసే ప్రయోగశాల ఉంది. అందులో తలకి పెట్టుకునే టోపీ ఒకటి ఉంది. కాగితాల్లో దానికి బారెడు ఇంగ్లీషు పేరుంది గానీ అది ఎవరికీ నోరు తిరగదు. చూడ్డానికి నెత్తిన గిన్నె బోర్లించినట్టు ఉంటుంది గనక అందరూ బోర్లగిన్నె అనేవారు. అది పెట్టుకుని మనిషి మాట్లాడుతుంటే మెదడులో లేచే అలల్ని పట్టుకుని శబ్దంగా మార్చి వినిపిస్తుంది. అబద్ధం చెబితే రేకుల కప్పు మీద వాన పడ్డట్టు ఒకటే రొద.

నిజం చెబితే ఎలా ఉంటుందో మొదటిసారి విన్నరోజుని వకుళ ఎప్పటికీ మర్చిపోలేదు. ఆ గిన్నెని పుట్టించింది ఆమే. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని, కూతురు ఉదిత రెండో తరగతికి వచ్చేసరికి ఒక కొలిక్కి వచ్చింది. ఆరోజు ఒక పోస్టాఫీసు గుమాస్తాకి టోపీ పెట్టి, మీకు బాగా గుర్తున్న సంగతి ఏదైనా చెప్పండి అన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "మా అమ్మ పోయేవేళకి నేను ఊళ్ళో లేనండి" అన్నాడు. అంతే, గది నిండిపోయింది. ఎక్కడో తంబురా మీటినట్టు మొదలై, గోడల్లోంచి, కిటికీ చువ్వల్లోంచి, కూర్చున్న కుర్చీల్లోంచి ఒకే ఒక్క స్వరం లేచింది. ప్రయోగశాలకి పెద్ద అయిన అవధానిగారు, జన్మలో దేనికీ తల వంచని మనిషి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలీదు. వకుళకి వొళ్ళంతా గగుర్పొడిచింది. మనిషి పుట్టినప్పటినుంచీ నిజం నిజం అంటూనే ఉన్నాడు, దాని గొంతు విన్నది మాత్రం మనమే మొదలు అనుకుంది.

ఒకరికి మోగితే చాలదు, అందరిలోనూ గుర్తుపట్టేలా ఇక యంత్రానికి చదువు చెప్పాలి. పసిపిల్లకి ఇది ఆవు, ఇది గేదె అని చూపించినట్టే, ఇది నిజం, ఇది అబద్ధం అని వేలసార్లు చూపిస్తేగానీ దానికి గుర్తుపట్టడం రాదు. అబద్ధాలకి కరువేముంది? చెప్పమంటే జనం ఉత్సాహంగా చెప్పారు. ఒకాయన తాను ఏనుగుని పెంచుతున్నానని అరగంట వర్ణించాడు. చిక్కంతా నిజాలతోనే. ఎదుటివాడు చెప్పేది నిజమేనని యంత్రం సాయం లేకుండా మనకి ముందే తెలియాలి గదా!

ఉపాయం వకుళే చెప్పింది. "పిల్లల్ని వెంటబెట్టుకుని రమ్మందాం సార్. బిడ్డ తల మీద చెయ్యేసి ఎవరు అబద్ధమాడతారు?"

అవధానిగారు తొడ చరిచారు. ఊళ్ళోంచి తల్లులొచ్చారు, తండ్రులొచ్చారు, మనవల్ని చంకనేసుకుని తాతలొచ్చారు. తల మీద చెయ్యేసి తమ జీవితాల్లోని నిజాలు చెప్పారు. ప్రయోగశాలలో పెద్ద చదువులు చదివినవాళ్ళు డజనుమంది ఉన్నారు. ఒక్కరికీ ఇందులో తప్పేమీ కనబడలేదు. మన గడ్డ మీద పుట్టినవాళ్ళకి కనబడదు కూడా.

చదువు పూర్తయ్యాక గిన్నెని పరీక్షలకి పెట్టారు. ఈసారి పిల్లలు లేరు, తల మీద చేతులు లేవు. ఆలుమగల తగాదాలు, పొలం గట్ల తగువులు, దొంగతనం మోపబడ్డ పనిమనుషులు. దేన్ని తెచ్చినా గిన్నె తప్పలేదు. కోర్టుల్లో పెడతామని పైనుంచి కబుర్లొచ్చాయి. వకుళ ఫోటో పేపర్లలో పడింది. వాళ్ళత్తగారు దాన్ని దేవుడి గూట్లో పెట్టబోతే, వకుళ భర్త శేషు లాక్కుని బీరువాలో దాచాడు.

అప్పుడొచ్చింది లాంచీ కేసు.

శ్రావణంలో గోదావరికి ఎర్రనీరొచ్చి ఉరకలేస్తున్నరోజున, పెళ్ళివారితో లంకకి బయల్దేరిన లాంచీ నడి ఏట్లో తిరగబడింది. నలభైమందికి పైగా పోయారు. లాంచీ నడిపే సరంగు పోతురాజు ఈది, దొరికినవాళ్ళని దొరికినట్టు గట్టుకి లాగాడు. అతని భార్య మంగ, నాలుగేళ్ళ కొడుకు మాత్రం దొరకలేదు. వాళ్ళూ అదే లాంచీలో పుట్టింటికి వెళ్తున్నారు.

లాంచీ యజమాని సోమసుందరంగారు ఊళ్ళో పరపతి ఉన్న మనిషి. "నీళ్ళు చూసి నేను వద్దనే చెప్పాను. నేను ఇంటికెళ్ళాక వాడే తీశాడు" అన్నారు. పోతురాజు మాట వేరు. రేవులో వాన, బ్యాండుమేళం. వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాట విన్నవాళ్ళెవరూ బతికిలేరు. విచారణ కమిషన్ వేశారు. దాని పెద్ద రంగనాయకిగారు, రిటైరైన జడ్జి. ఒకరి మాట నిజమైతే రెండోది అబద్ధం. పోతురాజుది అబద్ధమని తేలితే నలభైమందితో పాటు సొంత పెళ్ళాంబిడ్డల్ని కూడా చంపినవాడిగా జైలుకి పోతాడు. బోర్లగిన్నెని తీసుకురమ్మన్నారు.

హాలు కిటకిటలాడిపోయింది. పోయినవాళ్ళ తాలూకు జనం గుమ్మాల్లో కూడా నిలబడ్డారు. వకుళ తనే స్వయంగా పోతురాజు తలకి టోపీ పెట్టింది. జుట్టు మధ్యలో మానీ మానని గాయం ఉంటే దానికి తగలకుండా సర్దింది.

"నేను పోనన్నానండి" అన్నాడతను, నేలచూపులు చూస్తూ. "ఎర్రనీరు సూత్తే నాకే బయమేసిందండి. ఓనరుగారే వొచ్చి గట్టుకి కట్టిన మోకు ఇప్పి, ఏం గాదు, ఎల్లరా అన్నారండి. ఇంజనేసింది నేనే. అది కాదననండి. పోనన్న మాట మాత్రం నిజవండి."

గిన్నె మోగలేదు. అబద్ధానికి వచ్చే రొదా రాలేదు. ఏమీ రాలేదు. అలాంటి నిశ్శబ్దాన్ని వకుళ ఇదివరకెన్నడూ వినలేదు. తీగ ఊడిందేమో అని చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి.

తర్వాత సోమసుందరంగారు కూర్చున్నారు. ముందు వరసలో కూర్చున్న కూతురు హిమజ వైపు ఒకసారి చూసి, "నేను వద్దనే చెప్పాను" అన్నారు. హాలంతా ఆ స్వరంతో నిండిపోయింది. మొదటిసారి విన్న జనం దణ్ణాలు పెట్టారు. కొందరు ఏడ్చారు. రంగనాయకిగారు కూడా కలం పక్కన పెట్టేశారు. దాన్ని కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

బయట మెట్ల దగ్గర, మొగుణ్ణి పోగొట్టుకున్న నూకరత్నం అనే ఆమె గుప్పెడు దుమ్మెత్తి పోతురాజు మొహాన కొట్టింది. "నా మొగుణ్ణి మింగింది సాలక అబద్దాలు కూడానా, నీ నోట్లో మన్నెయ్య!" అంది. అతను ఆ దుమ్ము తుడుచుకోను కూడా లేదు.

రెండ్రోజుల పాటు వకుళకి అన్నం సయించలేదు. ఆ నిశ్శబ్దం చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. అబద్ధమైతే రొద రావాలి గదా, ఎందుకు రాలేదు? ఆదివారం పొద్దున పెనం మీద అట్టు పోస్తూ కూడా అదే ఆలోచన. ఫ్రిజ్జు తీసి చూస్తే గిన్నెలో మీగడ లేదు.

"ఉదితా, మీగడ ఎవరు తిన్నారే?"

"నేను కాదు."

"మరి పిల్లి ఫ్రిజ్జు తీసుకుని తిందా?"

పిల్లకి ఉక్రోషం వచ్చింది. ముక్కాలిపీట ఈడ్చుకొచ్చి, ఎక్కి, తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నీ మీదొట్టు. నేను తినలేదు."

"సరే సరే, దిగు. పడతావు."

"నమ్మలేదు నువ్వు! ఒట్టేశాక కూడా నమ్మవా? నేను అబద్ధం చెబితే ఏమన్నా అయ్యేది నీకేగా, నాకు కాదుగా!" అని పిల్ల బావురుమంది. వెనకనుంచి శేషు మెల్లిగా, "మీగడ తిన్నది నేను" అన్నాడు. వకుళకి అదేమీ వినపడలేదు. పెనం మీద అట్టు మాడిపోతోంది. నెత్తి మీద ఆ చిన్న చెయ్యి బరువు అలాగే ఉంది.

చెప్పేవాడికి కాదు, ఇంకొకరికి. ఒట్టంటే అదే గదా. మరి నేను గిన్నెకి ఏం నేర్పాను?

అరగంటలో ప్రయోగశాలలో ఉంది. సెలవురోజైనా అవధానిగారు అక్కడే ఉన్నారు. ఆయనకి ఇంటికన్నా అదే హాయి.

"సార్, మనం నిజాలన్నీ తల మీద చెయ్యి పెట్టించి చెప్పించాం. ఒక్క అబద్ధమైనా అలా చెప్పించామా?"

"ఎవరు ఒప్పుకుంటారమ్మా?"

"ఒప్పుకోకపోవడం కాదు. మనం అడగను కూడా లేదు. అడగాలని మీకూ తోచలేదు, నాకూ తోచలేదు."

అవధానిగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన తెలివైనవారు, మిగతాది చెప్పక్కర్లేదు. యంత్రం నేర్చుకున్నది నిజానికీ అబద్ధానికీ ఉన్న తేడాయో, లేక చేతి కింద ఉన్న తలకీ లేని తలకీ ఉన్న తేడాయో!

"అయితే తేల్చేద్దాం" అంది వకుళ. "మీ మనవణ్ణి పిలిపించండి. వాడి తల మీద చెయ్యేసి ఒక అబద్ధం చెప్పండి, చిన్నదే."

"నీకు మతి పోయిందా?" అన్నారాయన కుర్చీలోంచి లేచి. ఆ వెంటనే తను అన్న మాట తనకే వినపడి, సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నారు. నలభయ్యేళ్ళుగా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి.

చివరికి తనే చెయ్యాల్సొచ్చింది. శేషుకి ఫోన్ చేసి ఉదితని తీసుకురమ్మంది. సంగతి విని శేషు, దేవుడు లేడని పెళ్ళిచూపుల్లోనే చెప్పిన శేషు, "నా పిల్ల మీదా? వద్దు వకుళా" అన్నాడు. ఆమె వినకపోతే బయట వరండాలోకి పోయి గోదావరి వైపు తిరిగి నిలబడ్డాడు.

వకుళ గిన్నె పెట్టుకుంది. కూతురి తల మీద చెయ్యి పెట్టింది. అబద్ధం ఏముంది, రెండూ రెండూ అయిదు అంటే చాలు. నోరు తెరిచింది. మాట రాలేదు. పిల్ల మెత్తటి జుట్టు, దాని కింద వెచ్చగా మాడు. ఇన్నేళ్ళ చదువూ ఆ జుట్టు దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇలా కూడా భయపడతానని ఆమెకి ఇంతవరకూ తెలియదు. మైలు దూరంలో ఒకడున్నాడు, నేను తప్పు నేర్పినందుకు సొంత బిడ్డని చంపినవాడనిపించుకుంటున్నాడు అని గట్టిగా తలుచుకుంది.

"రెండూ... రెండూ... అయిదు."

"తప్పు!" అని ఉదిత కిలకిల నవ్వింది.

ఆ నవ్వు మీదుగా స్వరం లేచింది. ఇంతవరకూ ఎవరికీ మోగనంత గట్టిగా మోగింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. శేషు లోపలికి పరిగెత్తుకొచ్చి పిల్లనెత్తుకున్నాడు. వకుళ చెయ్యి తీసేసి, కాస్త ఊపిరి తిప్పుకుని, ఎదురుగా చూస్తూ, "ఈ గోడ తెల్లగా ఉంది" అంది. గోడ తెల్లగానే ఉంది. గిన్నె పలకలేదు. పోతురాజుకి పలకనట్టే పలకలేదు.

"అయితే ఇన్నాళ్ళూ మనం విన్నదేమిటమ్మా?" అన్నారు అవధానిగారు.

"మనుషులు నిజం అంటే ఏమనుకుంటారో అది విన్నాం సార్. మాట ఉన్నదానికి సరిపోయిందా లేదా అన్నది కాదు. గట్టిగా నమ్మించాల్సిన మాట చెప్పేటప్పుడు ప్రతివాడూ లోపల ఎవరినో ఒకరిని పూచీగా నిలబెట్టుకుంటున్నాడు. వాళ్ళకేమన్నా అవుతుందేమోనన్న బెంగ ఉంది చూశారూ, అది మోగుతోంది. మామూలు మనిషి అబద్ధమాడేటప్పుడు ఆ పూచీ నిలబడ్డవాళ్ళని పక్కకి తప్పించేస్తాడు. అందుకే రొద. అందుకే మన పరీక్షలన్నీ ఒప్పయ్యాయి."

పోస్టాఫీసు గుమాస్తా ఇద్దరికీ గుర్తొచ్చాడు. పోయేవేళకి చూడలేదు గనక ఆయన లోపల వాళ్ళమ్మ ఇంకా బతికే ఉంది, ఆరోజు గది నింపేసింది ఆవిడే. ఆ తర్వాత వచ్చిన వేలమందీ గుర్తొచ్చారు. పొలం గట్టు కోసం కొట్టుకునే మోటు రైతు లోపల కూడా ఎవరో ఒకరు తల వంచుకుని నిలబడి ఉన్నారన్నమాట. గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి పరీక్షించామనుకున్నారు గానీ ఎవ్వరూ ఒంటరిగా రాలేదు. అవధానిగారి కళ్ళు చెమర్చాయి. తాము వెతికింది దొరకలేదు. దొరికింది అంతకన్నా పెద్దదనిపించి వకుళకి మళ్ళీ వొళ్ళు గగుర్పొడిచింది. ఆ వారమంతా మాత్రం ఉదిత తుమ్మినా ఉలిక్కిపడుతూనే ఉంది. సైన్సు సైన్సే, భయం భయమే.

సోమవారం వకుళ పోతురాజు ఇంటికెళ్ళింది. రేవు దగ్గర రెండు గదుల ఇల్లు. అరుగు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. దండెం మీద చిన్న చొక్కా ఒకటి ఆరేసింది ఆరేసినట్టే ఉంది.

"ఆ రోజు హాల్లో మాట చెప్పేటప్పుడు నీ మనసులో ఎవరు మెదిలారు పోతురాజూ?"

"ఎవురున్నారండి?" అన్నాడు. "ఇదివరకు ఏదన్నా బొంకాలంటే మా బుడ్డోడు గుర్తొచ్చి నోరు పెగిలేది కాదండి. ఇప్పుడు నిజవన్నా, అబద్దవన్నా నాకొకటేనండి. పోయేదేం లేదు, వొచ్చేదేం లేదు. అయినా నిజవే సెప్పేను. ఎందుకంటే నాకూ తెల్దండి."

ఎవరి కోసమూ కాకుండా, ఎవరికీ భయపడకుండా చెప్పిన ఒక్క నిజం తన గిన్నె కిందికి వచ్చింది. దాన్నే గిన్నె వినలేకపోయింది.

కమిషన్ ముందు ఈ సంగతంతా చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కోర్టులూ ఉండవు, పేపర్లూ ఉండవు. ప్రయోగశాల తలుపులు కూడా ఉండకపోవచ్చు. అవధానిగారిని అడిగితే, "నిజం నిలకడ మీద తెలుస్తుందన్నారు. మన నిజం కూడా అంతేనేమో. చెప్పెయ్యి" అన్నారు.

చెప్పింది. రెండోసారి హాలు నిండినరోజున, దాచకుండా, తన తప్పు తనే నిలబడి చెప్పింది. జనం ముక్కున వేలేసుకున్నారు. పోతురాజుకి గిన్నె పెట్టి మళ్ళీ చెప్పించింది. మళ్ళీ నిశ్శబ్దమే.

"ఇతనికి మోగకపోవడానికి అబద్ధం కారణం కాదమ్మా" అంది రంగనాయకిగారితో. "ఇతని మాటకి పూచీ నిలబడే మనుషులు ఆ లాంచీలో పోయారు."

సోమసుందరంగారి ప్లీడరు లేచాడు. "మరి మా వారికి మోగింది గదా?"

"ఆయన మనసులో ఎవరో ఉన్నారండీ. ఎవరి కోసమో ఆయన చాలా భయపడుతున్నారు. అంతవరకే తెలిసింది."

ముందు వరసలో కూర్చున్న హిమజ తండ్రి వైపు తిరిగి చూసింది. సోమసుందరంగారు పైకండువా సర్దుకున్నారు.

"అయితే ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి?" అన్నారు రంగనాయకిగారు.

అప్పుడు వెనకనుంచి నూకరత్నం జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నాకీ గిన్నెలూ గట్రా తెల్దు" అంటూ పోతురాజు ముందు నేల మీద చతికిలబడింది. "నా నెత్తి మీద సెయ్యెట్టి సెప్పు. నాకూ ఎవురూ లేరు. నువ్వు అబద్దవాడితే నేను పోతాను, పోతే పోనీ. నా మొగుడు ఎందుకు పోయాడో తెలుసుకునే పోతాను."

పోతురాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వొద్దు నూకరత్నం. ఈ సెయ్యి మంచిది కాదు. మా బుడ్డోడు ఈ సేతిలోంచే జారిపోయాడు."

నూకరత్నం అతని మొహంలోకి అలాగే చూసింది. దుమ్ము కొట్టిన మనిషే, అతని చేతిని రెండు చేతులా పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఇప్పుడు సెప్పు."

"పోనన్నాను" అన్నాడు పోతురాజు. "ఎర్రనీరు సూసి పోనన్నాను నూకరత్నం. ఓనరుగారే మోకు ఇప్పారు."

అతని నెత్తినే ఉన్న గిన్నెలోంచి మొదట చీమ నడిచినంత సన్నగా స్వరం వచ్చింది. తర్వాత లేచింది. వకుళ ఎన్నో వేలసార్లు విన్నది గానీ ఇలాంటిది వినలేదు. అది తెలిసిన స్వరమే, కానీ వణుకుతోంది. అసలు లేదనుకున్న చోటునుంచి వస్తోంది. అది ఏ సాక్ష్యానికీ పనికిరాదని అందరికన్నా బాగా ఆమెకే తెలుసు. తనే గదా రెండూ రెండూ అయిదంటే ఇంతకన్నా గట్టిగా మోగించింది! అయినా వింటూ గోడకి ఆనుకుంది. పది నిమిషాల క్రితం ఈ లోకంలో ఎవరూ లేని మనిషికి ఇప్పుడొకరున్నారు. ఎవరికేం కాకూడదని అతను భయపడుతున్నాడో ఆమె అతని చేతి కిందే ఉంది.

రంగనాయకిగారు సోమసుందరంగారి వైపు తిరిగారు. ఆవిడ నోరు తెరిచేలోపే హిమజ లేచింది. వచ్చి తండ్రి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది.

"చెప్పండి నాన్నా."

"ఏంటమ్మా ఈ మోటు పనులు? నలుగురూ చూస్తున్నారు, లే."

"ఆవిడ భయపడలేదు. నేనూ భయపడను. వద్దన్నాను అని ఒక్క మాట చెప్పండి, ఇంటికెళ్ళిపోదాం."

ఆయన చెయ్యి లేచింది. కూతురి పాపిట మీదకి వచ్చి, బెత్తెడు ఎత్తున ఆగింది. జడ్జి ముందు తొణకని మనిషి, యంత్రం ముందు బెణకని మనిషి. ఇదంతా ఆయన ఈ పిల్ల కోసమే చేశారు, ఈ పిల్ల పరువు కోసం, రేపటి కోసం. ఆ మాట ఆయన మొహం మీద రాసినట్టు కనబడుతోంది. పెదాలు కదిలాయి. వేళ్ళు జుట్టుకి తగిలీ తగలకముందే నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి పోయింది.

"లే తల్లీ" అన్నారు. "దూరంగా వెళ్ళు. నీకేం కాకూడదు." ఆ తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "మోకు నేనే విప్పాను" అన్నారు.

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. ఎవరో అరిచారు, ఎవరో ఏడ్చారు, ప్లీడరు ఏదో చెప్పబోతే ఎవరూ వినలేదు. హిమజ లేవలేదు. నేల మీద అలాగే కూర్చుని, తండ్రి పాదాల మీద మొహం పెట్టుకుని ఏడుస్తోంది. రంగనాయకిగారు బల్ల మీద కొట్టి కొట్టి, చివరికి ఊరుకున్నారు.

గోల కాస్త సద్దుమణిగాక వకుళ యంత్రాన్ని కట్టేయడానికి వెళ్ళింది. స్విచ్చి మీద వేలు పెట్టి ఆగిపోయింది. మాట ఆగితే గిన్నె ఆగిపోవాలి, ఇన్నేళ్ళుగా అలాగే ఆగింది. పోతురాజు మాట్లాడడం మానేసి చాలాసేపయింది. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అతని చెయ్యి ఇంకా నూకరత్నం తల మీదే ఉంది, ఆమె తియ్యమనలేదు. గిన్నె మోగుతూనే ఉంది.